వోలర్ పండితుని చరిత్రము

మనుష్యులు అసహ్యించుకొని విడిచిపెట్టు వస్తువులయందు సైతము సృష్టికర్త తన జ్ఞానమును దాచియుంచెను. మానవమూత్రము అట్టివాటిలో నొకటి. తరగతిలో దాని పేరు వినబడగానే విద్యార్థులు నవ్వుదురు. ఆ నవ్వును మేము తప్పుపట్టము. కాని జర్మనీ దేశీయుడగు ఫ్రీడ్రిష్ వోలర్ నవ్వక దానిని పరీక్షించి, రసాయనశాస్త్రమునకొక క్రొత్త త్రోవ చూపెను. ఆయన చరిత్రమును మా చదువరుల కొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వోలర్ 1800 సంవత్సరము జూలై 31వ తేదీని ఫ్రాంక్‌ఫర్టు నగరసమీపమందలి ఎషెర్స్‌హైమ్ గ్రామమున జన్మించెను. బాల్యమునుండియు ఖనిజములను సేకరించుటయందును, రసాయన ప్రయోగములయందును ఆయనకు మిక్కిలి ప్రీతి. వైద్యుడు కావలెనని మార్‌బుర్గులోను, హైడెల్‌బర్గులోను విద్యనభ్యసించెను. మనము తిను పదార్థములలో ఏవి మూత్రమునందు బయటికి వచ్చును, ఏవి దారిలో మార్పు చెందును అను ప్రశ్నను ఆ దినములలోనే చేపట్టి, కుక్కలపైనను తన శరీరముపైనను ప్రయోగములు చేసి బహుమానము పొందెను. 1823లో వైద్యపట్టము వచ్చినను, గురువగు గ్మెలిన్ సలహానుబట్టి వైద్యమును విడిచి, స్వీడను దేశమునకేగి బెర్జీలియస్ మహాశయుని యొద్ద రసాయనశాస్త్రము నేర్చుకొనెను.

ఇచట మూత్రమును గూర్చి కొంత చెప్పుట అవసరము. దానిలో నూటికి సుమారు 95 పాళ్లు నీరే. మిగిలిన వస్తువులలో ముఖ్యమైనది యూరియా. పప్పులు, మాంసము మొదలగువానిలోని మాంసకృత్తులు శరీరమునకు వినియోగపడిన పిదప మిగిలిన నత్రజనిని కాలేయము యూరియాగా మార్చును. మూత్రపిండములు దానిని రక్తమునుండి వడకట్టును. ఎదిగిన మనుష్యుని మూత్రమున దినమునకు 20 మొదలు 30 గ్రాముల వరకు యూరియా పోవుచుండును. ఫ్రెంచి పండితుడగు రూఎల్ 1773లో దీనిని మూత్రమునుండి వేరుచేసెను.

అప్పుడే వెడలిన మూత్రమునకు వాసన స్వల్పము. సాధారణముగా అది కొంచెము ఆమ్లగుణము కలిగియుండును. బయట నిలువయుండినయెడల సూక్ష్మజీవులు అందు పెరిగి, యూరియేజు అను పదార్థముచేత యూరియాను విరిచి, అమ్మోనియాగాను బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. అప్పుడది క్షారగుణము పొంది, ఎఱ్ఱని లిట్మసు కాగితమును నీలముగా చేయును, కలకబారును, అందలి భాస్వర లవణములు తెల్లని పెచ్చుగా అడుగున పేరుకొనును. నీరు పోయని మూత్రశాలలో ముక్కును మండించు వాసన యూరియాది కాదు, అమ్మోనియాది. దినదినము నీరుపోసి కడుగవలెనని మేము విద్యార్థులకు చెప్పుటకు కారణమిదియే.

ఇక 1828వ సంవత్సరపు సంగతి. అప్పుడు వోలర్ బెర్లిను నగరమున ఉపాధ్యాయుడు. వయస్సు 27 ఏండ్లు. అమ్మోనియం సయనేటు అను లవణమును చేయనెంచి, వెండి సయనేటుతో నవాసాగరమును కలుపగా, తాను కోరిన లవణమునకు బదులు వేరు గుణములుగల తెల్లని స్ఫటికములు ఏర్పడెను. 1824లోనే ఇట్టి తెల్లని పదార్థమొకటి ఆయనకు దొరికెను. అది ఏమో అప్పుడు తెలియలేదు. అయినను ఆయన దానిని మరువలేదు. ఈసారి మూత్రమునుండి తీసిన యూరియాతో పోల్చి చూడగా రెండును ఒక్కటే! మూత్రపిండముల సహాయము లేకయే యూరియాను చేసితినని ఆయన తన గురువునకు సంతోషముతో వ్రాసెను. ఆ రెండు పదార్థములలోను మూలద్రవ్యములు అవే, పాళ్లును అవే. అమరిక మాత్రమే వేరు.

జీవుల శరీరములందలి పదార్థములు ప్రాణశక్తివలననే పుట్టునని ఆ కాలపు పండితులు పలువురు నమ్మిరి. ఆ నమ్మకము ఆ ఒక్క దినముననే కూలెనని కొందరు వ్రాయుదురు గాని అది సరికాదు. సయనేటులను జంతుసంబంధమైన వస్తువులనుండియే తీయుచుండిరి గనుక సందేహమునకు తావుండెను. వోలరే ఆ సంగతి నెరిగియుండెను. 1845లో ఆయన శిష్యుడగు కోల్బె నిర్జీవ పదార్థములతో ఆరంభించి పులికాడి యందలి ఆమ్లమును చేసెను. ఆ గోడ ఇటుక వెంట ఇటుకగా పడినది.

1832లో వోలర్ భార్య మరణించెను. ఆయన మిత్రుడగు లీబిగ్ దుఃఖితుని తన యొద్దకు పిలుచుకొని, ఇరువురు కలసి పనిచేయునట్లు చేసెను. 1838లో ఆ మిత్రులు మూత్రమందలి యూరిక్ ఆమ్లమునుగూర్చి గొప్ప పరిశోధనను ప్రకటించిరి. లీబిగ్ కోపిష్ఠి, వోలర్ శాంతుడు. అయినను వారి స్నేహము చెడలేదు. 1836 మొదలు గొటింగెన్ విశ్వవిద్యాలయమున వేలకొలది విద్యార్థులకు బోధించి, 1882 సెప్టెంబరు 23వ తేదీని వోలర్ కాలధర్మము నొందెను.

ఇట్టి శాస్త్రము సృష్టికర్త మహిమను తగ్గించునని భయపడువారు కలరు. మాకట్లు తోచదు. మూత్రపిండమునకును గాజుపాత్రకును నియమమొక్కటే యైనయెడల, ఆ నియమకర్త ఒక్కడే యనుటకు మాకు అంతకన్న సాక్ష్యమక్కరలేదు. నేడు మన రైతులు వరిచేలలో చల్లు యూరియా, కర్మాగారములలో అమ్మోనియాతోను బొగ్గుపులుసు వాయువుతోను చేయబడునది. మన శరీరమునుండి వెడలునదియు అదియే. విద్యార్థులారా, తెలియని తెల్లని పొడిని నాలుగేండ్లు మనస్సునందుంచుకొనిన ఆ యువకుని ఓర్పును మీరును అలవరచుకొనవలెనని మా కోరిక.