రెండు వేల రూపాయల కారు
(కీ.శే. జి.డి. నాయుడు జీవితగాథ)

గడచిన సంవత్సరం మన కళాశాల విజ్ఞాన ప్రదర్శనలో ఒక మూల బల్లపై ఉంచిన కారు బొమ్మ ఒకటి సందర్శకుల దృష్టిని విశేషంగా ఆకర్షించింది. జానెడుకు మించని ఆ బొమ్మ మనం నిత్యం చూసే కార్ల వంటిది కాదు. 1950 దశాబ్దంలో అమెరికా యువకులు పావుమైలు దూరాన్ని తిన్నగా దూసుకుపోయే పందేల కోసం తమ ఇళ్ల వెనుక పాకలలో స్వయంగా కట్టుకొన్న బండికి అది నమూనా. పొడుగాటి సన్నని చట్రం, ముందు పలుచని చక్రాలు, వెనుక లావుపాటి చక్రాలు, వెనుక ఇరుసుకు ఆనుకొని నడిపేవాని ఆసనం. అసలు బండిలోని ఇరవై ఐదు సెంటీమీటర్లను బొమ్మలో ఒక సెంటీమీటరుగా లెక్కకట్టి, నూనెడబ్బా రేకుతో చట్రాన్ని, సైకిలు స్పోకులతో ఇరుసులను, అరిగిన హవాయి చెప్పుల రబ్బరుతో చక్రాలను మన విద్యార్థి ఒకడు తయారుచేశాడు. ఎక్కడా కొలత తప్పలేదని భౌతికశాస్త్ర అధ్యాపకులు మెచ్చుకొన్నారు.

ఆ విద్యార్థే మొదటి సెమిస్టరులో రెండు పేపర్లు తప్పాడు. చదువు మానిపించి గుంటూరు ఆటోనగర్‌లో ఒక ఉస్తాదు దగ్గర పనికి చేర్చమంటారా అని అతని తండ్రి నన్ను అడిగినప్పుడు వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఎం.ఏ. పట్టా పుచ్చుకొని ఈ వయసు వచ్చినా, ఇంట్లో ఆగిపోయిన గడియారాన్ని ఏనాడూ విప్పి చూసినవాణ్ణి కాను నేను. ఆనాడు నాకు స్ఫురించిన మహావ్యక్తి గోపాలస్వామి దొరైస్వామి నాయుడు గారు.

శ్రీ నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. తరతరాల క్రితం తమిళదేశానికి వలసవెళ్లి స్థిరపడిన తెలుగు వ్యవసాయ కుటుంబం వారిది. మన పల్నాడు, ఒంగోలు ప్రాంతాల వలెనే అదీ నల్లరేగడి నేల. పత్తి పండే నేల. పుట్టిన కొద్దికాలానికే తల్లిని కోల్పోయిన ఆ బాలునికి పాఠశాల మీద మనసు నిలువలేదు. ఆయన బడిచదువు ప్రాథమిక తరగతులతోనే ముగిసింది.

యౌవనారంభంలో ఒకనాడు తమ ప్రాంతానికి వచ్చిన ఆంగ్ల రెవెన్యూ అధికారి నడుపుతున్న రడ్జ్ మోటారు సైకిలును ఆయన చూశారు. ఎద్దు లేక, గుర్రం లేక తనంత తాను పరుగెత్తే ఆ బండి ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది. దానిని కొనే స్తోమత లేదు. కోయంబత్తూరు చేరి ఒక హోటలులో వడ్డనపనికి కుదిరారు. దాదాపు మూడు సంవత్సరాలు పైసా పైసా కూడబెట్టి, ఆ అధికారి వద్దకే వెళ్లి ఆ బండినే కొన్నారు. కొన్నవాడు దానిపై ఊరేగలేదు, ముక్కముక్కగా విప్పదీశారు. విప్పడం ఎవరైనా చేయగలరు. విప్పిన వరుస జ్ఞాపకముంచుకొని, ఏ మర ఏ రంధ్రానిదో, ఏ పళ్లచక్రం దేనిని తిప్పుతుందో గ్రహించి, తిరిగి బిగించి నడిపించడంలోనే విద్య ఉన్నది. గురువు లేని ఆ విద్యార్థికి ఆ బండే పాఠ్యగ్రంథమైంది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తిరుప్పూరులో పత్తి వ్యాపారం చేసి మిక్కిలి గడించారు. పిదప బొంబాయి పత్తి విపణిలో దిగి ఆ గడించినదంతా పోగొట్టుకొన్నారు. పత్తి ధరను నమ్మి ఇల్లు కట్టినవాడూ, ఉన్న ఇల్లు అమ్మినవాడూ ఒకే వీధిలో కనిపించే మన జిల్లాల పాఠకులకు ఈ ఘట్టాన్ని వివరించనక్కరలేదు.

చేతిలో చిల్లిగవ్వ లేని ఆ స్థితిలో కోయంబత్తూరులోని ఆంగ్ల పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ ఆయనను ఆదుకొని, బస్సు కొనేందుకు కొంత సొమ్ము అప్పుగా ఇచ్చారు. 1920లో పొల్లాచి, పళనిల మధ్య ఆ ఒక్క బస్సును నాయుడు గారే స్వయంగా నడిపారు. అదే పెరిగి పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీసు అయింది. పదమూడేళ్లలో రెండు వందలకు మించిన బస్సులతో దక్షిణదేశంలో పేరుగాంచింది.

ఆ తరువాతి విజయాలు అనేకం. అన్నిటినీ ఏకరువు పెట్టను. 1936లో లండనులో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను తన కెమెరాలో బంధించారు. 1937లో ఆయన ఆధ్వర్యాన కోయంబత్తూరులో తయారైన విద్యుత్ మోటారు భారతదేశంలో మొట్టమొదటిదిగా ప్రసిద్ధి పొందింది. బ్యాటరీతో నడిచే చిన్న క్షురయంత్రం, అల్పాదాయ వర్గాలకు అందే రేడియో, పత్తి, బొప్పాయి మొక్కలపై ప్రయోగాలు, ఇలా ఆయన చేయి పెట్టని రంగం అరుదు. సర్ సి.వి. రామన్ అంతటివారు ఆయనను ప్రశంసించారు.

విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది మరొకటి. 1945లో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో సాంకేతిక విద్యాసంస్థలు వెలిసినప్పుడు వాటి స్థాపనకు మూలపురుషుడు, ప్రిన్సిపాలు నాయుడు గారే. ఇంజనీరింగు విద్యకు నాలుగేళ్లు కాలయాపన అనీ, రెండేళ్లు చాలుననీ ఆయన వాదం. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన పదవి వదులుకొన్నారు. ఇందులో నేను ప్రభుత్వ పక్షమే. తాను మూడేళ్ల హోటలు పనితో సంపాదించిన ఏకాగ్రత అందరికీ పుట్టుకతోనే ఉంటుందని ఆయన భ్రమించారేమో అనిపిస్తుంది.

ఇక కారు విషయం. 1952లో ఆయన ఇద్దరు కూర్చుండే పెట్రోలు కారును రూపొందించారు. ధర రెండు వేల రూపాయలు. కారు అంటే జమీందార్లకు, కలెక్టర్లకు తప్ప అన్యులకు ఊహకైనా అందని కాలమది. సరిగా ఆ ఏడాది మే నెలలోనే పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అమలులోకి వచ్చింది. ఏ పెద్ద కర్మాగారానికైనా ఢిల్లీ లైసెన్సు తప్పనిసరి అయిన రోజులు. నాయుడు గారి కారుకు లైసెన్సు లభించలేదు. తయారీ ఆగిపోయింది. విదేశీ మారకం కొరతగా ఉన్న నవభారతంలో వనరులను లెక్కచూసి పంచాలన్న పాలకుల ఆలోచనను నేను తప్పుపట్టను. అయినా, మధ్యతరగతి ఇంటి ముందు చిన్న కారు నిలవడానికి 1983లో మారుతి వచ్చేదాకా ముప్పై ఒక్క సంవత్సరాలు పట్టిందన్న లెక్క మాత్రం నన్ను బాధిస్తూనే ఉంటుంది.

1974 జనవరి 4న నాయుడు గారు పరమపదించారు. ఆ నగరంలో యంత్రాల మీద మమకారం మాత్రం ఆరలేదు. అక్కడి వస్త్రమిల్లుల కుటుంబానికి చెందిన కరివర్ధన్ పందెపు కార్లను స్వయంగా నిర్మించి, షోళవరం విమానరంగంలో పరుగెత్తించి, 1995లో విమానప్రమాదంలో మరణించారు. నాయుడు గారి వారసులు 2015లో కార్ల ప్రదర్శనశాలను తెరిచారు. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డుపై ప్రారంభమైన వంతెనకు ఆయన పేరే పెట్టారు.

ఈ కథనంతా ఆ విద్యార్థి తండ్రికి చెప్పాను. మిర్చి యార్డులో హమాలీ పని చేసే ఆయన శ్రద్ధగా విన్నారు. కారును గురించి ఏమీ అడగలేదు. హోటలులో మూడేళ్లు పనిచేసినప్పుడు ఆ పిల్లవాని వయసెంత అని మాత్రం అడిగారు. అప్పుడే యౌవనారంభమన్నాను. కాసేపు తలవంచుకొని కూర్చున్నారు.

అబ్బాయి కళాశాలలోనే ఉన్నాడు. ఆదివారాలు ఆటోనగర్ షెడ్డుకు వెళుతున్నాడు. తప్పిన రెండు పేపర్లలో ఒకటి గట్టెక్కాడు. బొమ్మ భౌతికశాస్త్ర ప్రయోగశాల బీరువాపై ఉన్నది; ముందు చక్రం ఒకటి ఊడిపోతే దానిని బిగించడానికి ఇంతవరకు అతను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.