మట్టిని వెదకిన మహనీయుడు

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లాచార్యుని ఆగ్రహమునకు గురియైరి, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. అమెరికా చేరి, హార్వర్డులో కృషిచేసి, 1940లో లెడర్లీ సంస్థ ప్రవేశించి, పరిశోధనకు నాయకులైరి. వారి నాయకత్వమున డగ్గరుపండితుడు మిస్సోరీ చేనిమట్టియందలి సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ ఔషధమును సాధించెను. అది 1948లో వెలువడెను. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావుగారు న్యూయార్కున అస్తమించిరి.

మాంసకృత్తులను జీర్ణింపజేయు ఎంజైముల నిచ్చు బాక్టీరియాలకును మట్టియే గని. పాలు కలిపిన పోషకముపై మట్టినీటిని పూయగా, అట్టి జీవి పెరిగినచోట తెల్లదనము కరగి నిర్మలవలయ మేర్పడును. ఆ ఎంజైములు తోళ్లపరిశ్రమకును, సబ్బుపొడులకును ఉపకరించును. పల్నాటి నల్లరేగడియు పరీక్షింపదగినదే. తెలుగువాడు పరదేశమున నడపిన వెదకులాట స్వదేశమున సాగుటయే ఆయనకు తగిన స్మారకము.