లాబ్రడార్ తీరపు పడవ డాక్టరు

మన పరకాలవారికి నీళ్లంటే చెరువే. అయినా పడవ ఎక్కి ప్రభువు సేవ చేసిన ఒక డాక్టరుగారి సంగతి సంఘస్థులకు చెప్పాలని ఇది వ్రాస్తున్నాను. మన పెద్దలకు తెలిసిన సేవకులు ఎడ్లబండి మీద వచ్చేవారు. అజరయ్య బిషప్పుగారు దోర్నకల్ అధ్యక్ష మండలమంతా అలాగే తిరిగారు. విల్ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ గారికి బండి బదులు తెరచాపల కొయ్య పడవ.

ఆయన 1865లో ఇంగ్లండులోని పార్క్‌గేట్‌లో పుట్టారు. లండన్‌లో వైద్యం చదువుతుండగా 1885లో ఒక రాత్రి మూడీ గారి గుడార కూటానికి వెళ్లారు. ఎవరో పెద్దమనిషి ప్రార్థన ముగించడం లేదు. మూడీ గారు, ఆ సహోదరుడు ప్రార్థన పూర్తి చేసేలోగా మనం ఒక పాట పాడుదామని సభను లేపారట. ఆ సూటిదనమే వెళ్లిపోబోతున్న ఈ యువకుణ్ణి ఆపింది. (మన కూటాల్లోనూ ఇలాంటి ధైర్యస్థుడొకరు ఉంటే బాగుండునని నాకు చాలాసార్లు తోచింది!)

తర్వాత ఆయన సముద్రపు జాలరుల మిషనులో చేరారు. 1892లో 'ఆల్బర్ట్' అనే మిషను పడవలో అట్లాంటిక్ దాటి జూలైలో న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ చేరేసరికి, పట్టణంలో సగానికి పైగా కాలిపోయి ఇంకా పొగలు వస్తున్నాయి. అక్కడి నుండి ఉత్తరానికి లాబ్రడార్ తీరం. వేసవిలో కూడా మంచుకొండలు తేలే సముద్రం, బోడి రాళ్లు. వేసవిలో వేలాది జాలరులు అక్కడ వేటకు చేరేవారు. ఏడాది పొడుగునా అక్కడే ఉండే కుటుంబాలు, ఎస్కిమోలని అప్పట్లో పిలిచిన ఇన్యూట్ ప్రజలు వేరే.

లంగరు వేసిన మొదటి రోజుననే, రోగులందరూ వెళ్లిపోయాక, చినిగిన బట్టలతో ఒకతను చిన్న పడవలో వచ్చి, మీరు నిజంగా డాక్టరేనా అని అడిగాడు. వెంట వెళ్లి చూస్తే మట్టి గుడిసెలో ఒక మనిషి న్యుమోనియాతో కొన ఊపిరి మీద ఉన్నాడు. పక్కన భార్య, పిల్లలు. మందు ఇవ్వగలరు, ప్రార్థన చేయగలరు. కాని దగ్గర కూర్చుని కాపాడే నర్సు లేదు, పడవ ఆగే వీలు లేదు. రెండు నెలలకు తిరిగి వచ్చేసరికి అక్కడ సమాధి ఉంది.

ఆ ప్రయాణంలో ఆయన సుమారు 900 మంది రోగులను చూశారు. వేరొకరైతే ఆ లెక్కతో తృప్తిపడేవారే. వచ్చిపోయే పడవ చాలదని ఆయన గ్రహించారు. 1893లో ఇద్దరు డాక్టర్లను, ఇద్దరు నర్సులను వెంటబెట్టుకొని మరలా వచ్చారు. ఆ ఏడే బాటిల్ హార్బర్‌లోను, మరుసటి ఏడు ఇండియన్ హార్బర్‌లోను ఆసుపత్రులు తెరిచారు. సెయింట్ ఆంథోనీ తర్వాత ముఖ్య కేంద్రమైంది.

రోగం వెనుక ఆకలి, ఆకలి వెనుక అప్పు ఉన్నట్లు ఆయనకు త్వరలోనే తెలిసింది. వర్తకుడు వసంతంలో పిండి, ఉప్పు, వలలు అరువిచ్చి, ఆకురాలు కాలంలో తానే ధర కట్టి చేపలు తీసుకునేవాడు. జాలరి చేతికి రొక్కం వచ్చేదే కాదు. షావుకారు అప్పుకు కల్లంలోనే ధాన్యం కొలిచి ఇచ్చిన మన తాతలకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. గ్రెన్‌ఫెల్ గారు 1896లో రెడ్ బేలో సహకార దుకాణం పెట్టించారు. డాక్టరుకు వ్యాపారం ఎందుకని వర్తకులు మండిపడ్డారు. నా మట్టుకు ఆయన ప్రసంగాలకంటె ఈ దుకాణమే పెద్ద సాక్ష్యం.

తొందరపాటు ఆయన లోపం. 1908 ఈస్టరు వారంలో కాలు చీము పట్టిన ఒక కుర్రవాని కొరకు కుక్కల బండి మీద బయలుదేరి, దగ్గర దారని గడ్డకట్టిన అఖాతం మీదుగా వెళ్లారు. మంచు విరిగి, ఒక మంచు పలక మీద సముద్రంలోకి కొట్టుకుపోసాగారు. చలికి చావకుండా తన మూడు కుక్కలను చంపి వాటి చర్మాలు కప్పుకున్నారు. మరునాడు ఊరివారు ప్రాణాలకు తెగించి పడవలో వచ్చి రక్షించారు. ఆ కుర్రవాణ్ణి తర్వాత పడవ మీదనే ఆసుపత్రికి తెచ్చారు, బ్రతికాడు. ఆ మూడు కుక్కల పేర్లతో గ్రెన్‌ఫెల్ గారు ఇంట్లో ఒక ఫలకం పెట్టించుకున్నారు. వాటిలో ఒకదాని పేరు మూడీ.

1909లో చికాగోకు చెందిన ఆన్ గారిని వివాహమాడారు. 1927లో సర్ బిరుదు వచ్చింది. ఆన్ గారు 1938లోను, ఆయన 1940 అక్టోబరు 9న అమెరికాలోని వెర్మాంట్‌లోను మరణించారు. ఇద్దరి అస్థికలు సెయింట్ ఆంథోనీలో ఒక కొండరాతిలో పక్కపక్కనే ఉన్నాయి.