కలాన్ని నమ్ముకుని ఉద్యోగం వదిలేసిన సూరత్ కవి నర్మద్ చివరికి ఎందుకు ఓడిపోయారు?

ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అది గిడుగు రామమూర్తి పుట్టినరోజు. సరిగ్గా దానికి ఐదు రోజుల ముందు, ఆగస్టు 24న గుజరాతీలు తమ భాషా దినోత్సవం జరుపుకుంటారు. అది కవి నర్మద్ పుట్టినరోజు.

గిడుగు ఎవరో మనకు తెలుసు. నర్మద్ గురించి మాత్రం గుజరాత్ బయట తెలిసినవాళ్లు తక్కువ. సూరత్‌లో మగ్గాల మీద, టెక్స్‌టైల్ మార్కెట్లలో పనిచేసే తెలుగువాళ్లు వేల మంది ఉన్నారు. ఆ నగరంలో ఉన్న యూనివర్సిటీ పేరులో, పెద్ద గ్రంథాలయం పేరులో, ఏటా ఇచ్చే సాహిత్య పతకం పేరులో ఉన్నది ఆయనే.

ఇన్ని గౌరవాలున్న ఈ రచయిత బతికుండగా అప్పుల్లో కూరుకుపోయారు. రాతతోనే బతుకుతానని చేసిన ప్రతిజ్ఞను 24 ఏళ్ల తర్వాత తానే వదులుకున్నారు. ఆ కథ తెలిస్తే, సాహిత్యాన్ని ప్రోత్సహించే సంస్థలు ఒక భాషకు ఎందుకు కావాలో అర్థమవుతుంది.

రాతగాడి ఇంట్లో పుట్టిన కవి

ఆయన పూర్తి పేరు నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. 1833 ఆగస్టు 24న సూరత్‌లో, నాగర్ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. తండ్రి లాల్‌శంకర్ బొంబాయిలో రాతపని చేసేవారు. అంటే చేతిరాతతో ప్రతులు తయారు చేయడం. అచ్చు యంత్రం ఇంకా అన్ని పనులూ తన చేతిలోకి తీసుకోని రోజులవి.

ఒకప్పుడు మొఘల్ సామ్రాజ్యానికి ముఖ్యమైన రేవుగా వెలిగిన సూరత్ అప్పటికి చితికిపోతోంది. వ్యాపారం బొంబాయికి తరలిపోయింది. 1837లో వచ్చిన పెద్ద అగ్నిప్రమాదంలో వేల ఇళ్లు కాలిపోయాయి. అప్పటికి నర్మద్‌కు నాలుగేళ్లు కూడా నిండలేదు. చదువుకోవాలన్నా, ఉద్యోగం దొరకాలన్నా సూరత్ వాళ్లు బొంబాయి వెళ్లాల్సిందే. నర్మద్ జీవితమంతా ఈ రెండు ఊళ్ల మధ్యే సాగింది.

ఆ కాలపు ఆచారం ప్రకారం ఆయనకు పదకొండేళ్లకే పెళ్లయింది. ఆ తర్వాత బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో చేరారు. 1850లో తల్లి చనిపోయారు. మరుసటి ఏడాది, 18 ఏళ్లు కూడా నిండకముందే, స్నేహితులతో కలిసి ఒక సభ పెట్టి, నలుగురూ కలిసి సంఘంగా ఏర్పడితే కలిగే లాభాలేమిటో వివరిస్తూ ప్రసంగించారు. గుజరాతీలో మొదటి ఆధునిక వ్యాసంగా ఇప్పటికీ దాన్నే చెబుతారు. ఆ భాషలో సాహిత్యమంటే అప్పటిదాకా ప్రధానంగా పద్యమే. ఇక్కడ మనకు 1853లో చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ వచ్చిన కాలం అది. రెండు భాషల్లోనూ వచనం దాదాపు ఒకేసారి కొత్త దారులు వెతుక్కుంటోంది.

కుటుంబ అవసరాల వల్ల చదువు మధ్యలో ఆపి సూరత్ తిరిగొచ్చారు. తాపీ నదికి అవతలి ఒడ్డున ఉన్న రాందేర్‌లో బడిపంతులుగా చేరారు. 1853లో మొదటి భార్య గులాబ్ చనిపోయారు. కొన్నాళ్లకు మళ్లీ బొంబాయి చేరుకుని, అక్కడా పంతులు ఉద్యోగమే చేశారు. 1856లో డాహీగౌరిని పెళ్లి చేసుకున్నారు.

1858 నవంబర్ 23

ఆ రోజు నర్మద్ ఉద్యోగానికి రాజీనామా చేసి ఇంటికొచ్చారు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా తన కలానికి తనను తాను అప్పగించుకున్నారు. ఇకపై దాని ఒడిలోనే ఉంటానని, రాతతోనే బతుకుతానని నిర్ణయించుకున్నారు. గుజరాత్‌లో బడికి వెళ్లిన ప్రతి ఒక్కరికీ ఈ సంఘటన తెలుసు. ఆయనకు అప్పటికి 25 ఏళ్లు.

ఇది ఎంత సాహసమో తెలియాలంటే ఆయన సమకాలికుడు దల్‌పత్‌రామ్ వైపు చూడాలి. ఆ తరంలో గుజరాతీ కవిత్వానికి ఈ ఇద్దరే పెద్ద పేర్లు. దల్‌పత్‌రామ్‌కు అలెగ్జాండర్ కిన్‌లాక్ ఫోర్బ్స్ అనే ఇంగ్లిష్ అధికారి అండ దొరికింది. ఫోర్బ్స్ 1848లో అహ్మదాబాద్‌లో గుజరాత్ వెర్నాక్యులర్ సొసైటీ స్థాపించారు. దల్‌పత్‌రామ్ ఆ సొసైటీలో ఉద్యోగం చేస్తూ, పత్రిక నడుపుతూ, పుస్తకాలు రాశారు. నెల తిరిగేసరికి జీతం వచ్చేది. రాసినదాన్ని అచ్చు వేయడానికి ఒక సంస్థ ఉండేది.

నర్మద్‌కు అలాంటిదేదీ లేదు. రాజాశ్రయం కాలం పోయింది. డబ్బిచ్చి పుస్తకం కొనే పాఠకుడు ఇంకా తయారు కాలేదు. ఆ మధ్యలో ఉన్న ఖాళీలోకి ఆయన తెలిసే దూకారు.

రాసినదాన్ని బతికి చూపించడం

ఆ తర్వాతి పదేళ్లు ఆయన ఆగలేదు. కవితలు, వ్యాసాలు, ప్రసంగాలు వరుసగా వచ్చాయి. ప్రకృతి, ప్రేమ, దేశాభిమానం లాంటి విషయాలు గుజరాతీ కవిత్వంలోకి కొత్త రూపంలో వచ్చాయి. బాల్యవివాహాలు, మూఢనమ్మకాలు, కులం కట్టుబాట్ల మీద నేరుగా రాశారు.

1860లో వైష్ణవ గురువు జదునాథ్‌జీ మహారాజ్‌తో వితంతు వివాహంపై బహిరంగ చర్చకు దిగారు. గురువు అనుచరులు కిక్కిరిసిన చోటికి వెళ్లి మాట్లాడారు. శాస్త్రాలు దేవుడిచ్చినవని నమ్ముతావా లేదా అన్న ప్రశ్న దగ్గర చర్చ ఆగిపోయింది. నమ్మనని నర్మద్ చెప్పేశారు.

అదే ఏడాది నర్మద్ స్నేహితుడు, సంపాదకుడు కర్సన్‌దాస్ ముల్జీ తన ‘సత్యప్రకాశ్’ పత్రికలో ఆ గురువుల లైంగిక దురాచారాలను బయటపెట్టారు. జదునాథ్‌జీ 50 వేల రూపాయలకు పరువునష్టం దావా వేశారు. 1862లో బాంబే సుప్రీంకోర్టు తీర్పు కర్సన్‌దాస్ వైపు వచ్చింది. ‘మహారాజ్ లైబెల్ కేసు’గా పేరొందిన ఈ ఉదంతంపై 2024లో ఓటీటీలో సినిమా కూడా వచ్చింది. ఆ పోరాటంలో ముందు వరుసలో నిలిచినవాళ్లలో నర్మద్ ఒకరు.

1864లో స్నేహితులతో కలిసి ‘దాండియో’ అనే పక్షపత్రిక మొదలుపెట్టారు. దాండియో అంటే రాత్రిపూట కర్ర చప్పుడు చేస్తూ గస్తీ తిరిగే కావలివాడు. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధరలు ఆకాశాన్నంటి, బొంబాయి అంతా షేర్ల పిచ్చిలో ఊగుతున్న రోజులవి. ఆ జూదాన్ని కూడా పత్రిక వదిలిపెట్టలేదు. 1865లో యుద్ధం ముగిసింది, మార్కెట్ కుప్పకూలింది. సాహిత్యానికి డబ్బిచ్చే దాతలు కూడా ఆ దెబ్బకు చితికిపోయారు. దాండియో 1869 వరకు నడిచింది.

1869లో నర్మద్ నర్మదాగౌరి అనే వితంతువును పెళ్లాడారు. చెప్పింది చేసి చూపించారు. కులం ఆయన్ను వెలివేసింది. మన దగ్గర కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించడానికి ఇది పన్నెండేళ్ల ముందు.

కానీ ఇక్కడ ఒక మాట దాటవేయకూడదు. ఆ పెళ్లి నాటికి డాహీగౌరి ఇంట్లోనే ఉన్నారు. ఒక స్త్రీకి న్యాయం చేయడానికి ఆయన ఎంచుకున్న దారి మరో స్త్రీకి సవతిని తెచ్చింది. ఆ ఇంటి కథను డాహీగౌరి వైపు నుంచి చూస్తే, సంస్కర్తకు వచ్చిన కీర్తికి మూల్యం ఎవరు చెల్లించారన్న ప్రశ్న మిగులుతుంది.

ఒక్కడే కూర్చిన నిఘంటువు

నర్మద్ చేసిన పనుల్లో అన్నిటికంటే బరువైనది ‘నర్మకోశ్’. గుజరాతీ మాటలకు గుజరాతీలోనే అర్థాలు చెప్పిన మొదటి నిఘంటువు అది. ఇలాంటి పని మామూలుగా ప్రభుత్వమో, విద్యాసంస్థో పండితుల బృందాన్ని పెట్టి చేయిస్తుంది. నర్మద్ దాన్ని ఒక్కడే నెత్తికెత్తుకున్నారు.

1860 ప్రాంతంలో మొదలుపెట్టి మాటలు పోగు చేస్తూ, భాగాలు భాగాలుగా అచ్చు వేయించారు. డబ్బు లేక అచ్చు మధ్యలో ఆగిపోయింది. మళ్లీ అప్పు చేశారు. చివరికి 1873లో 25,268 మాటలతో మొత్తం నిఘంటువు బయటికి వచ్చింది. దాన్ని ఏ జమీందారుకో, ఏ దొరకో అంకితమివ్వలేదు. గుజరాత్ ప్రజలకే ఇచ్చారు.

పోలిక కోసం చెప్పుకోవాలంటే, బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరం’ 1885లో వచ్చింది. సీపీ బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు 1852 నాటిది. బ్రౌన్ కూడా సొంత డబ్బు ధారపోశారు, కానీ ఆయనకు కంపెనీ ఉద్యోగం ఉంది. నర్మద్‌కు అదీ లేదు.

నర్మకోశ్ కోసం రాసిన ‘జయ జయ గరవీ గుజరాత్’ ఇప్పుడు ఆ రాష్ట్ర అధికారిక వేడుకల్లో పాడే గీతం. గుజరాత్ రాష్ట్రం ఏర్పడింది 1960లో. భాష ఆధారంగా ఒక ప్రాంతాన్ని ఊహించిన ఆ పాట దానికి దాదాపు తొంభై ఏళ్ల ముందే పుట్టింది.

సరస్వతీ మందిర్

బొంబాయిలో అప్పులు పెరిగిపోవడంతో 1860ల మధ్యలో నర్మద్ సూరత్ తిరిగొచ్చారు. ఆమ్లీరాన్ వీధిలో ఇల్లు కట్టుకుని దానికి సరస్వతీ మందిర్ అని పేరు పెట్టారు. రాయడానికి, స్నేహితులతో చర్చించడానికి, దిక్కులేని వితంతువులకు ఆశ్రయమివ్వడానికి కూడా ఆ ఇల్లే. ఒక సాహిత్య కేంద్రం చేయాల్సిన పనిని ఒక అప్పులున్న ఇల్లు చేసింది.

1866లో ‘మారీ హకీకత్’ రాశారు. గుజరాతీలో మొదటి ఆత్మకథగా దానికి పేరు. తన భయాలు, గొప్పలు, తప్పులు, అప్పులు అన్నీ దాచకుండా రాసుకున్నారు. కొద్ది కాపీలే అచ్చు వేయించి దగ్గరివాళ్లకు ఇచ్చారు. తాను పోయాకే ప్రజల్లోకి వెళ్లాలన్నది ఆయన కోరిక. 1933లో, ఆయన శతజయంతి ఏడాదిలో, అది పుస్తకంగా వచ్చింది.

1870ల మధ్య నుంచి ఆయన ఆలోచనలు మారాయి. ప్రపంచ చరిత్రపై ‘రాజ్యరంగ్’ రాస్తూ, జాతుల ఎదుగుదల, పతనాల గురించి చదువుతూ, సంస్కరణ పేరుతో తన తరం తెచ్చిన తొందర మేలు చేయలేదన్న నిర్ణయానికి వచ్చారు. ఒకప్పుడు శాస్త్రాలను ప్రశ్నించిన మనిషి ప్రాచీన ఆర్యధర్మం వైపు మళ్లారు. 1885లో వచ్చిన ‘ధర్మవిచార్’లో ఆ మార్పు కనిపిస్తుంది. పాత మిత్రులకు అది వెన్నుపోటులా అనిపించింది. తాను తప్పనుకున్నదాన్ని నర్మద్ మాత్రం అప్పుడూ బాహాటంగానే చెప్పారు.

ఈలోగా పూట గడవడమే కష్టమైంది. నాటక సంస్థలకు నాటకాలు రాసిచ్చారు. అదీ సరిపోలేదు. 1882లో బొంబాయిలోని గోకుల్‌దాస్ తేజ్‌పాల్ ధర్మనిధి సంస్థలో ఉద్యోగానికి ఒప్పుకున్నారు. జీతం కోసం పనిచేయనన్న ప్రతిజ్ఞ 24 ఏళ్లు నిలిచి, అక్కడితో ముగిసింది. ఆ బాధ ఆయన్ను లోపల తినేసిందని జీవితచరిత్రకారులు చెబుతారు. నెలల తరబడి అనారోగ్యంతో మంచం పట్టి, 1886 ఫిబ్రవరిలో చనిపోయారు. అప్పటికి 52 ఏళ్లు.

పేరు మిగిలింది, ప్రశ్న కూడా

ఆయనకు దక్కని అండ తర్వాతి తరాలకు ఆయన పేరుతోనే దక్కింది. సూరత్‌లో నర్మద్ సాహిత్య సభ ఏర్పడింది. 1940 నుంచి ఆ సభ గుజరాతీ రచయితలకు నర్మద్ సువర్ణ చంద్రక్ ఇస్తోంది. గుజరాతీలో కొత్తగా వచ్చిన మంచి పుస్తకాన్ని గుర్తించే ముఖ్యమైన పతకాల్లో అది ఒకటి. ఘోడ్‌దోడ్ రోడ్డులోని మున్సిపల్ కేంద్ర గ్రంథాలయానికి ఆయన పేరే. 2004లో దక్షిణ గుజరాత్ యూనివర్సిటీ వీర్ నర్మద్ యూనివర్సిటీగా మారింది. ఆమ్లీరాన్‌లోని ఇల్లు స్మారకంగా నిలిచి ఉంది.

మన రాజమండ్రిలో వీరేశలింగం 1890లో కట్టించిన టౌన్‌హాల్ ఇందుకు పోలిక. నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు లేకపోతే కొత్త ఆలోచన, కొత్త రచన నిలబడవని ఆ తరం వాళ్లకు తెలుసు. నర్మద్ తన మొదటి ప్రసంగంలో సంఘంగా ఏర్పడటం గురించి మాట్లాడింది కూడా అందుకే. ఆయనకు మాత్రం ఆ సంఘం సమయానికి దొరకలేదు.

సూరత్ లింబాయత్ లాంటి బస్తీల్లో తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. ఆ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. సొంత భాషకు నిఘంటువు కోసం అప్పులపాలైన మనిషి ఊరు వేరే భాషల పిల్లలకూ చోటిచ్చింది.

పోయాక విగ్రహం పెట్టడం, రోడ్డుకు పేరు పెట్టడం మన రెండు భాషలవాళ్లకూ బాగా వచ్చు. ఇవాళ తెలుగులో రాస్తున్న ఎంతమంది పుస్తకం సొంత డబ్బుతో అచ్చు వేసుకుని, కాపీలు స్నేహితులకు పంచుతున్నారో సాహిత్య సభలకు వెళ్లేవాళ్లకు తెలుసు. వాళ్లలో ఏ ఒక్కరూ 1882 నాటి నర్మద్ స్థితికి రాకుండా చూడగలిగితే, ఆగస్టు 24కైనా ఆగస్టు 29కైనా అంతకంటే మంచి వేడుక ఉండదు.