ఆకలి కట్టిన బృందం: అంతోన్ మకరెంకో

ఉపాధ్యాయ వృత్తిని గురించి ఆలోచించినప్పుడెల్లా మాకు స్ఫురించే వ్యక్తి అంతోన్ మకరెంకో. ఆయన 1888లో, నేటి ఉక్రెయిన్‌లోని బెలోపోల్యేలో, రైల్వే కార్ఖానాలో రంగులు వేసే కార్మికుని ఇంట జన్మించాడు. 1905లోనే బడిపంతులయ్యాడు. పిదప పోల్తావా ఉపాధ్యాయ విద్యాలయంలో చదివి స్వర్ణపతకం పొందాడు.

1920లో పోల్తావా సమీపాన బాలనేరస్థుల ఆశ్రమమొకటి ఆయన చేతికి వచ్చింది. ప్రపంచయుద్ధము, అంతర్యుద్ధము అసంఖ్యాకులైన పిల్లలను వీధులపాలు చేసిన రోజులవి. ఆశ్రమంలో పనికివచ్చే వస్తువులన్నింటినీ చుట్టుపక్కలవారు అప్పటికే తరలించుకుపోయారు. ఆ చలికాలంలో మొదట వచ్చినవారు ఆరుగురు. చదువన్నా పనియన్నా వారికి పరిహాసమే. ఒకనాడు వంటకు కట్టెలు కొట్టమన్నందుకు ఒక యువకుడు ఎగతాళి చేయగా మకరెంకో సహనం కోల్పోయి అతనిని కొట్టాడు. ఆ వెంటనే అందరూ గొడ్డళ్ళు పట్టి ఆయనతో అడవికి నడిచారు. ఈ ఘట్టాన్ని ఆయనే తన ప్రసిద్ధ గ్రంథంలో దాచక వ్రాసుకున్నాడు. ఆ దెబ్బను మేము సమర్థించము. వారిని కదిలించినది దెబ్బ కాదనీ, పొయ్యి వెలగనిచో గురువుకూ తమకూ ఒకటే పస్తు అన్న ఎరుకయేననీ మా అభిప్రాయము.

గొడ్డళ్ళు, రంపాలు అందరికీ చాలవు గనుక పిల్లలు దళాలుగా విడిపోయారు. స్థిరమైన దళాలకు తోడు, ఏదైనా పని పడినప్పుడు కొద్ది రోజులకై తాత్కాలిక దళాలు ఏర్పడేవి. ఒక దళానికి నాయకుడైనవాడు మరొక దళంలో సామాన్య సభ్యుడై పనిచేసేవాడు. ఆజ్ఞాపించుటయు, ఆజ్ఞ పాటించుటయు ఆ విధంగా ప్రతివానికీ అలవడినవి. తరగతి నాయకుని ఎన్నుకొని మిగిలినవారు నిశ్చింతగా నిద్రించే కళాశాలలకు ఇది వింతగా తోచవచ్చు!

క్రమంగా పంటలు పండినవి, పశువులు పెరిగినవి, కడుపులు నిండినవి. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆకలి కూర్చిన బృందాన్ని ఆకలి తీరిన తరువాత ఏది నిలపాలి? 1926లో మకరెంకో తన 120 మంది పిల్లలతో, కట్టుకున్న సౌఖ్యాన్ని విడిచి, ఖార్కోవ్ వద్ద కుర్యాజ్‌కు తరలిపోయాడు. అక్కడ సుమారు 280 మంది అనాథలు మురికిలో, అరాచకంలో మగ్గుతున్నారు. తమ అవసరం తీరినవారికి ఇతరుల అవసరాన్ని పనిగా అప్పగించడమే ఆయన కనుగొన్న ఉపాయం. మకరెంకో చరిత్రలో మాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

విద్యాశాఖాధికారులతో పొసగక 1928లో ఆయన ఆ ఆశ్రమాన్ని వదలవలసి వచ్చింది. ఆ మీదట ఆయన నడిపిన జెర్జిన్‌స్కీ కమ్యూనులో పిల్లలు బడి చదువుతోపాటు కర్మాగారంలో పనిచేస్తూ విద్యుత్ డ్రిల్లులు, కెమెరాలు తయారుచేశారు. 1939 ఏప్రిల్ 1న గోలిత్సినో స్టేషనులో, రైలుపెట్టెలోనే గుండె ఆగి, 51వ యేట ఆయన మరణించాడు.