తూటా లెక్క తెలిసిన వీరుడు – అల్లూరి సీతారామరాజు

మా లక్ష్మీ నగర్‌లో తెలుగు మాజీ సైనికులం నలుగురం చేరామంటే మాట తిరిగి తిరిగి ఫైరింగ్ రేంజి దగ్గరికే వస్తుంది. ఈ మధ్య వచ్చిన వాదన, వెయ్యి గజాల టార్గెట్‌కి ఏ తూటా మంచిదని. ఒకాయన మన 7.62ని మించింది లేదంటాడు. ఇంకొకాయన అమెరికాలో 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ అంటాడు. నేను కాలేజీ ఎన్‌సీసీలో .303తో మొదలుపెట్టి, మద్రాస్ రెజిమెంటులో ఎస్‌ఎల్‌ఆర్, తర్వాత ఇన్సాస్ కాల్చి, సుబేదారుగా రిటైరైనవాణ్ణి. నాకు తెలిసినంతలో ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. ముందు దూరం తేల్చుకోవాలి, ఆ తర్వాత తూటా ఎంచుకోవాలి. మన 7.62 బుల్లెట్ గొట్టంలోంచి సెకనుకి సుమారు 840 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. వెయ్యి గజాలు పోయేసరికి ఆ వేగం ధ్వని వేగం దాకా పడిపోతుంది. అక్కడే బుల్లెట్ తూలుతుంది, గాలి దాన్ని పక్కకు నెడుతుంది. 6.5 బుల్లెట్ సన్నగా, పొడుగ్గా ఉండటం వల్ల గాలిని చీల్చుకుపోయి వేగాన్ని ఎక్కువసేపు నిలబెట్టుకుంటుంది. మూడు వందల గజాల పనికైతే ఈ తేడా లెక్కలోకే రాదు.

ఇదంతా తూటా ఎంచుకునే వీలున్నవాడి సంగతి. ఆ వీలు లేని మనిషి ఏం చేయాలి? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా నాకు మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజుగారే గుర్తుకొస్తారు. ఆయన మీద పాటలు, సినిమాలు, బుర్రకథలు చాలా వచ్చాయి. అందరూ ఆయన ధైర్యం చెప్పారు, త్యాగం చెప్పారు. ఆయన దగ్గర ఎన్ని రౌండ్లుండేవి, వాటిని ఎలా వాడారు అన్నది మనబోటి వాళ్ళమే చెప్పుకోవాలి.

రాజుగారు 1897 జులై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో, తల్లి పుట్టింట్లో పుట్టారు. వాళ్ళ స్వగ్రామం మా భీమవరం దగ్గరి మోగల్లు. తండ్రి వెంకటరామరాజుగారు ఫోటోగ్రాఫరు, పిల్లవాడి చిన్నతనంలోనే పోయారు. తల్లి సూర్యనారాయణమ్మగారు, తహసీల్దారు ఉద్యోగం చేసే పినతండ్రి రామకృష్ణంరాజుగారు పెంచారు. చదువు మీద మనసు నిలవలేదు. గుర్రపుస్వారీ, మూలికా వైద్యం, జ్యోతిషం మాత్రం శ్రద్ధగా నేర్చుకున్నారు. 1916లో ఉత్తర దేశయాత్ర చేసి, తిరిగొచ్చాక కృష్ణదేవిపేటలో స్థిరపడ్డారు.

మన్యంలో అప్పటి పరిస్థితి తెలిసిందే. 1882 అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని నేరం చేసింది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలీల నోరు కొట్టాడు. అడిగినవాళ్ళని హింసించాడు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు అలా దెబ్బతిన్నవాళ్ళే. వాళ్ళు రాజుగారి పక్షాన చేరారు.

మనుషులు వచ్చారు, ఆయుధాలెక్కడివి? కొండల్లో ఉన్నవి విల్లంబులు, కత్తులు. బాణం అడవిలోనే చెక్కుకోవచ్చు. తూటా అలా కాదు. ఇత్తడి కేసు, ప్రైమర్, మందు, సీసం, ఇవన్నీ ఫ్యాక్టరీ సరుకు. కాబట్టి ఆయన సర్కారు కోత్ మీదే కన్నేశారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు! చింతపల్లిలో 11 తుపాకులు, 1390 తూటాలు దొరికాయి. మూడూ కలిపి 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు. ఏమేం తీసుకెళుతున్నారో స్టేషను రికార్డులో రాయించి సంతకం పెట్టి మరీ వెళ్ళారు. కోత్ ఎన్‌సీవోగా పనిచేసిన వాళ్ళకి ఈ ముచ్చట ఎంత నచ్చుతుందో నాకు తెలుసు.

ఇప్పుడు ఆ 2500 ఎంతో చూద్దాం. వంద మంది కంపెనీ ఒక పూట రేంజికి వెళ్ళి, మనిషికి పాతిక రౌండ్లు కాలిస్తే అయిపోయే సరుకది. తుపాకీకి వంద రౌండ్లు కూడా రాలేదు. దానితో ఆయన దాదాపు రెండేళ్ళు సామ్రాజ్యాన్ని ఎదుర్కొన్నారు.

పైగా ఆ తుపాకులు ఏపాటివి? 1857 తర్వాత బ్రిటిషువాళ్ళు ఒక రివాజు పెట్టుకున్నారు. తెల్లసైనికుడి తుపాకీ కన్నా మనవాడి చేతిలోది ఒక మెట్టు కింద ఉండాలి, పోలీసుది ఇంకా కింద ఉండాలి. పోలీసులకిచ్చే మస్కెట్లు ఎక్కువగా లోపల గాడులు లేని నున్నటి గొట్టంవి, ఒక్కొక్క తూటా పెట్టి కాల్చుకునేవి. గాడులు లేకపోతే బుల్లెట్ తిరగదు, తిరగని బుల్లెట్ నిలకడగా పోదు. వంద గజాలు దాటితే గురి దేవుడి దయే. అదే కాలంలో సైన్యం చేతిలో ఉన్న .303 సంగతి చూడండి. 1910లో వచ్చిన మార్క్ 7 తూటా, 174 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకి 2440 అడుగుల వేగం. రైఫిల్ మీద సైటు 2000 గజాల దాకా గీసి ఉండేది. అయిదారు వందల గజాల మైదానంలో ఈ రెండూ ఎదురుపడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అందుకే ఆయన లెక్క తిరగేశారని నా అంచనా. దూరాన్ని బట్టి తూటా దొరకనప్పుడు, తూటాని బట్టి దూరం ఎంచుకోవాలి. కనుమలు, మలుపులు, గుబురు పొదలు, ఇవే ఆయన ఎంచుకున్న రేంజి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది మన ఇన్‌ఫాంట్రీ స్కూల్లో పాఠంగా చెప్పదగ్గది. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు దళంతో ఇరుకు దారిలో వస్తున్నారు. ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చారు. ఒక్క తుపాకీ పేలలేదు. అధికారులు ఎదురుగా వచ్చాకే పేలాయి. ఇద్దరూ అక్కడే కూలిపోయారు, దళం వెనక్కి తిరిగింది. మనవాళ్ళ ప్రాణం తీయకూడదన్నది రాజుగారి నియమం. అది ఒక్కటే కాదు, కంటికి కనిపించే శత్రువుని వదిలేసి అసలు టార్గెట్ వచ్చేదాకా ట్రిగ్గర్ మీద వేలు బిగించకుండా ఉండటం ఎంత కష్టమో అంబుష్‌లో పడుకున్నవాడికే తెలుస్తుంది. అదీ నిన్న మొన్నటిదాకా విల్లంబులు పట్టిన కొండవాళ్ళతో! ఈ ఫైర్ కంట్రోల్ వాళ్ళకి ఎవరు నేర్పారు? సైన్యంలో ఒక్కరోజు పనిచేయని పాతికేళ్ళ యువకుడు.

సర్కారు కూడా తెలివి తెచ్చుకుంది. అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరం స్టేషన్ల మీదకి రాజుగారు వెళ్ళారు గాని, ఆయుధాలు ముందే తరలించేశారు. స్టేషన్లు లొంగాయి, తూటాలు దొరకలేదు. నా దృష్టిలో ఈ పోరాటానికి మలుపు ఇక్కడే వచ్చింది. ఉన్నవి ఖర్చవుతున్నాయి, కొత్తవి రావడం లేదు.

డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేలల్లో పోరు జరిగింది. వరిచేలంటే తెలుసు కదా, దాక్కోవడానికి గట్టు తప్ప మరేం ఉండదు. దూరం ఎంచుకునే అవకాశం ఎదుటివాడి చేతిలోకి పోయింది. ప్రభుత్వ దళాల ఆయుధాలు కూడా బలమైనవి. రాజుగారి దళానికి మొదటి పెద్ద దెబ్బ అదే. మనుషులూ పోయారు, కొన్ని తుపాకులూ పోయాయి. అడవిలో గెలిచిన అవే తుపాకులు, అదే మనుషులు, ఇక్కడ మాత్రం నేల మారింది. తర్వాత కొన్నాళ్ళు దళం కంటికి కనబడలేదు. 1923 ఏప్రిల్లో రాజుగారు అన్నవరంలో ప్రత్యక్షమైతే జనం ఆయన్ని చూడటానికి విరగబడ్డారు.

1924లో అస్సాం రైఫిల్స్‌ని దించారు. ఏప్రిల్లో రూథర్‌ఫర్డ్ స్పెషల్ కమిషనరుగా వచ్చాడు. ఇతను అడవిలో వెతకటం కన్నా ఊళ్ళను బిగించటం మీద ఎక్కువ దృష్టి పెట్టాడు. దళానికి తిండి పెట్టినవాళ్ళని, కబురు చెప్పినవాళ్ళని పీడించాడు. తూటాలు ఎలాగూ లేవు, ఇప్పుడు ముద్ద కూడా ఆగిపోయింది. జనం బాధ చూడలేకే ఆయన బయటికొచ్చారని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. మంప దగ్గర చిక్కిన రాజుగారిని కొయ్యూరుకు తెచ్చి, 1924 మే 7న మేజర్ గుడాల్ చెట్టుకు కట్టించి కాల్చి చంపించాడు. విచారణ లేదు, కోర్టు లేదు. కట్టేసిన మనిషికీ తుపాకీకీ మధ్య ఉండే దూరంలో ఏ తూటా అయినా ఒకటే. అప్పటికి ఆయనకి 27 ఏళ్ళు కూడా నిండలేదు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. నర్సీపట్నం వైపు వెళ్ళినప్పుడు మనవాళ్ళు తప్పక చూసి రావాలి.

గంటందొర ఇంకో నెల పోరాడి జూన్ 7న కాల్పుల్లో పోయాడు. తమ్ముడు మల్లుదొర అంతకుముందే పట్టుబడి ఏళ్ళ తరబడి జైలు అనుభవించాడు. రాజుగారి దళంలో తిరిగిన ఆ మల్లుదొరే 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికై, మనకి యమున అవతల ఉన్న పార్లమెంటులో మెంబరుగా కూర్చున్నాడు.