రెండు యూనిఫాంల వెనుక ఒకే మనిషి

మన బడిలో చదివినవారికి ఆ ఆటస్థలం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. శనివారం మధ్యాహ్నం వేపచెట్ల వైపు ఎన్.సి.సి. వాళ్ళు, నీళ్ళ ట్యాంకు వైపు స్కౌట్లు. తాళ్ళకు ముడులు వేసుకునే పిల్లకాయలని వాళ్ళు మమ్మల్ని వెక్కిరించేవారు. చెక్క తుపాకుల సైన్యమని మేము వాళ్ళని అనేవాళ్ళం. ‘మేము’, ‘వాళ్ళు’ అనడం కూడా నాకు పూర్తిగా చెల్లదు. ఏడో తరగతిలో నేను స్కౌటుని. ఎనిమిదిలోకి రాగానే ఎన్.సి.సి.లో చేరిపోయాను. దానికి కారణం దేశభక్తి కాదు, పరేడ్ అయ్యాక పెట్టే పూరీ కూర. స్కౌట్ మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. నా దగ్గరున్న తాడు మాత్రం తిరిగి ఇచ్చేయమన్నారు.

ఆ రెండు జట్ల వెనుకా ఉన్నది ఒకే మనిషని నాకు తెలిసేసరికి నలభై ఏళ్ళు దాటాయి. ఆయన పండిట్ హృదయనాథ్ కుంజ్రూ. ఒకప్పుడు దేశమంతా ఎరిగిన పేరు, ఇవాళ పోటీ పరీక్షల గైడ్లలో తప్ప పెద్దగా కనిపించదు.

కుంజ్రూ 1887 అక్టోబరు 1న ఆగ్రాలో పుట్టారు. కాశ్మీరీ పండితుల కుటుంబం. తండ్రి అయోధ్యానాథ్ అలహాబాదులో పేరున్న వకీలు. 1888లో అక్కడ జరిగిన కాంగ్రెసు మహాసభను నడిపించినవారిలో ముఖ్యుడు. ఆ తండ్రి 1892లో పోయేనాటికి పిల్లవాడికి ఐదేళ్ళు నిండలేదు. చదువు అలహాబాదులో, తరువాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో. 1908లో పెళ్ళయింది. మూడేళ్ళకే భార్య కన్నుమూసింది, ఆ వెనుకే పసిబిడ్డ కూడా. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 1909లోనే గోఖలే స్థాపించిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో చేరారు. అంటే సొంత సంపాదన మాట మరచిపోయి, సంస్థ ఇచ్చే కొద్దిపాటి భత్యంతో జీవితమంతా ప్రజల పనికి కట్టుబడడం. 1936 నుంచి చివరి దాకా ఆ సంస్థకు ఆయనే అధ్యక్షుడు.

ఇక స్కౌటింగ్ సంగతి. బేడెన్ పవెల్ 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది అబ్బాయిలతో శిబిరం పెట్టి చూశాడు. రెండేళ్ళకే, 1909లో, బెంగుళూరులో మన దేశపు తొలి దళం వచ్చింది. కానీ అది తెల్లవాళ్ళ పిల్లలకూ, ఆంగ్లో ఇండియన్ పిల్లలకూ మాత్రమే. అడవిలో దారి కనుక్కోవడం, గాయానికి కట్టు కట్టడం, వంతెన కట్టడం నేర్పే సంఘంలోకి ఈ దేశపు పిల్లవాడికి ప్రవేశం లేదు.

ఆ తలుపు తెరుచుకునే దాకా మనవాళ్ళు కాచుకుని కూర్చోలేదు. 1913లో షాజహాన్‌పూర్‌లో శ్రీరామ్ బాజ్‌పాయ్ సొంతంగా ఒక దళం తయారుచేశారు. 1916లో మద్రాసులో అనీ బిసెంట్, అరండేల్‌తో కలిసి ఇండియన్ బాయ్ స్కౌట్స్ సంఘం పెట్టారు. మదనపల్లెలో కళాశాల స్థాపించిన బిసెంటే. ఆమె స్కౌట్లు తలపాగా చుట్టేవారు. అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, కుంజ్రూ, బాజ్‌పాయ్ కలిసి సేవాసమితి స్కౌట్లను నిలబెట్టారు. ప్రయాగ మేళాలంటే తెలుసుగా, లక్షల జనం. తప్పిపోయినవాళ్ళు, సొమ్మసిల్లినవాళ్ళు, నదిలో జారినవాళ్ళు. పిల్లలకు సేవ నేర్పడానికి అంతకంటే పెద్ద బడి ఏముంటుంది!

బేడెన్ పవెల్ 1921లో వచ్చినప్పుడు బిసెంట్ సంఘం ఆయన సంఘంలో కలిసిపోయింది. అన్నీ ఒకటవుతాయని చాలామంది ఆశపడ్డారు. 1937లో ఢిల్లీ జాంబోరీకి మళ్ళీ వచ్చిన ఆ పెద్దాయన భారతీయుల గుణగణాల గురించి చులకనగా మాట్లాడారని దుమారం రేగింది. ఎందరో రాజీనామాలిచ్చారు. మరుసటి ఏడు హిందుస్తాన్ స్కౌట్ అసోసియేషన్ వేరుగా ఏర్పడింది. నా దృష్టిలో అది కోపం ఒక్కటే కాదు. ఒక మంచి పద్ధతిని తీసుకుంటూనే, దాన్ని తెచ్చినవాడి చిన్నచూపును తీసుకోనని చెప్పడం. ఈ తేడా పట్టుకోవడం తేలిక కాదు.

స్వాతంత్ర్యం వచ్చినా స్కౌట్లు వేరు వేరు సంఘాలుగానే ఉన్నారు. నెహ్రూ, మౌలానా ఆజాద్ పట్టుబట్టారు, కుంజ్రూ వంటివారు మాటలు నడిపారు. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పుట్టింది. బాలికల గైడ్ సంఘం 1951 ఆగస్టు 15న వచ్చి కలిసింది. తొలి జాతీయ కమిషనరు కుంజ్రూయే.

ఈలోపే రెండో యూనిఫాం కూడా సిద్ధమైంది. సైన్యంలో భారతీయ అధికారులు పెరగాలని ఆయన చట్టసభల్లో ఏళ్ళ తరబడి వాదించిన మనిషి. 1946లో విద్యార్థుల సైనిక శిక్షణ మీద వేసిన సంఘానికి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. అప్పటిదాకా అలాంటి శిక్షణ విశ్వవిద్యాలయాలకే పరిమితం. బడిపిల్లలకు జూనియర్ డివిజన్, కాలేజీలకు సీనియర్, అమ్మాయిలకు వేరే డివిజన్ ఉండాలని ఆ సంఘం 1947లో నివేదిక ఇచ్చింది. 1948లో చట్టం వచ్చి ఎన్.సి.సి. మొదలైంది. నేను తిన్న పూరీకి మూలం ఆ నివేదికే!

మా వృత్తిలో ప్రారంభోత్సవ శిలాఫలకం మీద డ్రాయింగు వేసినవాడి పేరు ఉండదు. కుంజ్రూ గారిదీ అదే వరస. 1953లో రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ముగ్గురి సంఘంలో, ఫజల్ అలీ, పణిక్కర్‌లతో పాటు ఆయన కూడా ఉన్నారు. హైదరాబాదు రాష్ట్రాన్ని అప్పటికి విడిగానే ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే కలపమన్నది ఆ సంఘమే. మన వాట్సాప్ గ్రూపులో ఈ విషయం మీద ఎన్ని రాత్రులు తెల్లవారాయో మీకు తెలుసు, అందులోకి ఇప్పుడు పోను.

1968లో ప్రభుత్వం భారతరత్న ఇస్తామంటే ఆయన వద్దన్నారు. రాజ్యాంగం రాసే రోజుల్లో, గణతంత్రంలో ఇలాంటి బిరుదులు కూడదని వాదించినవారు. ఇరవై ఏళ్ళ తరువాత బిరుదు తన గుమ్మంలోకి వచ్చినా మాట మార్చలేదు.

1978 ఏప్రిల్ 3న పుట్టిన ఊరు ఆగ్రాలోనే పోయారు. ఆ ఏడు నేను మూడో తరగతి. ఆయన పేరైనా వినలేదు.

మొన్న స్వర్ణోత్సవ ఏర్పాట్లకని బడికి వెళ్ళినప్పుడు డ్రిల్లు సామాను గది తెరిపించాం. ఎన్.సి.సి. ఇంకా నడుస్తోంది. స్కౌట్ దళం మూతపడి చాలా ఏళ్ళయిందట. మూలన ఒక రేకు ట్రంకు పెట్టెలో మాస్టారి తాళ్ళ చుట్టలు అలాగే ఉన్నాయి. ఒకటి తీసి రీఫ్ ముడి వేసి చూశాను. రెండోసారికి కుదిరింది. దళాన్ని మళ్ళీ తెరవడానికి అయ్యే ఖర్చు అంచనా వేసి కార్యవర్గానికి ఇచ్చాను. గది మరమ్మతు, యూనిఫాంలు, ఒక మాస్టారికి శిక్షణ కలిపి ఒక పేజీ కూడా లేదది. వచ్చే సమావేశంలో చర్చకు వస్తుంది.